కొల్లేట్లో దరి చేరిన ఇటాలియన్ క్రియ

ఈ సంగతి రాసిపెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో దీనికి వేరే కథనం ఒకటి చలామణీలో ఉంది. దాని ప్రకారం పూర్వం రోమ్ నగరవాసులు చేపల చెరువులు తవ్వుకుని బతికేవారు, లాటిన్ భాష వెనిస్‌లో పుట్టింది, ‘అర్రివారే’ అనే ఇటాలియన్ క్రియకు దీపం వెలిగించడం అని అర్థం. మూడూ తప్పే. ఆ కథనం చెబుతున్నది మా తోడల్లుడుగారు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త. అక్కడ ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి. ఆయన చెడ్డ ఉద్దేశంతో చెప్పడం లేదు, ప్రేమగానే చెబుతున్నారు. కానీ సరుకు కొనడానికి వచ్చినవాళ్ళు బస్తాలతో పాటు ఆ కథనాన్ని కూడా లారీ ఎక్కించుకుని పోతున్నారు. ఒక క్రియ ఇలా ఊళ్ళు పట్టి చెడిపోతుంటే, గ్రంథాలయంలో చదువుకున్నవాడిగా నేను చూస్తూ ఊరుకోలేను.

నేను ఏలూరు శివారు వట్లూరులో ఒక కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతాను. నా చదువు ఇంటర్ దగ్గర ఆగింది. డిగ్రీ చదవలేదుగానీ డిగ్రీ పుస్తకాలు చాలావరకు జిరాక్స్ తీశాను. తీసేటప్పుడు చదివాను కూడా. పేజీని అద్దం మీద పెట్టి మూత వేసేలోపు నాలుగు వాక్యాలు పట్టేయవచ్చు. అలా నాకు మందుల తయారీ, కంపెనీ చట్టం, భవనాల పునాదులు ముక్కలు ముక్కలుగా తెలుసు. ముక్కల మధ్య ఖాళీలు పూడ్చుకోవడానికి సాయంత్రాలు ఏలూరులో లైబ్రరీకి వెళ్తాను. అక్కడ నాకంటూ ఒక కుర్చీ ఉంది. ఫ్యాను గాలి తగలదు కాబట్టి దానికి పోటీ లేదు.

తోడల్లుడుగారి చదువు వేరే రకం. ఆయన చూసి నేర్చుకుంటారు. కిందటేడు వేసవిలో మా వదినగారితో కలిసి టూరిస్టు బస్సులో ఇటలీ చుట్టి వచ్చారు. వచ్చేటప్పుడు లెక్కలేనన్ని ఫోటోలు, ఒక తోలు బెల్టు, ఒక మాట తెచ్చుకున్నారు. ఆ మాట ‘అర్రివియామో’. బస్సులో ఎవరు ఇంకెంత దూరమని అడిగినా అక్కడి డ్రైవరు ఆ మాటే అనేవాడట. వచ్చేస్తున్నాం అని అర్థం. అప్పటినుంచి ఆయనకు ఫోన్ చేసి ఎక్కడున్నారంటే అర్రివియామో, ఉల్లిపాయల లారీ ఏదంటే అర్రివియామో. ఇటాలియన్లు సెలవు తీసుకునేటప్పుడు చెప్పే ‘అర్రివెదేర్చి’ కూడా దాని తమ్ముడేనని మా వదినగారికి చెప్పేశారు. చివరికి మా అత్తయ్యగారు కూడా, ఇడ్లీ ఉడికిందా అని అడిగితే పొయ్యి దగ్గరనుంచి అర్రివియామో అన్నారని మా ఆవిడ మురిసిపోతూ చెప్పింది.

నాకు కొంచెం గుచ్చుకుంది. మా అత్తవారిది కొల్లేటి లంక గ్రామం. మావయ్యగారు మిషన్ స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ ఇంట్లో పెళ్ళయినప్పటినుంచీ నేను ఒక్క వాక్యం చివరిదాకా చెప్పి ఎరుగను. నేను గొంతు సవరించుకోగానే అత్తయ్యగారు, ‘మంచినీళ్ళు తెమ్మంటారా అండీ’ అంటారు. నీళ్ళు వస్తాయి. తాగేలోపు తోడల్లుడుగారు మార్కెట్ కబురు ఎత్తుకుంటారు. ఆయనకు బస్తాల మీద నిలబడి వేలం పాట పాడి అలవాటైన గొంతు. అటువంటి ఇంట్లో ఆయన తెచ్చిన ఒక్క విదేశీ మాట ఇడ్లీపాత్ర దాకా చేరిపోయింది.

ఆ మాట వేరు ఎక్కడుందో నేనే పట్టుకుంటానని బయలుదేరాను.

లైబ్రరీలో పై అరలో, ఎవరూ అడగని చోట, మాటల పుట్టుకలు చెప్పే లావుపాటి నిఘంటువు ఒకటుంది. దాని పక్కనే ఎప్పుడో ఎవరో ఇచ్చిన పాత లాటిన్ వాచకం ఉంది. లైబ్రేరియన్‌గారు స్టూలు వేయించి రెండూ దింపించారు. ‘ఏ పరీక్షకండీ’ అని అడిగారు. పరీక్షకు కాదు, ఒక క్రియ కోసం అన్నాను. ఆమె కాసేపు నన్ను చూసి, ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా ఉంది, అక్కడ కూర్చోండి అన్నారు. నాకు దక్కిన మొదటి బిరుదు అదే అనుకుంటాను.

చుట్టూ ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు. వాళ్ళ మధ్య నేను లాటిన్‌ను పైకి చదువుతుంటే, ‘అంకుల్, కొంచెం లోపల చదువుకోండి’ అని ఒకమ్మాయి మర్యాదగా చెప్పింది. లోపలే చదువుకున్నాను. మొదట తప్పుదారి పట్టాను. లాటిన్‌లో ‘రీవుస్’ అంటే చిన్న కాలువ. అర్రివియామోకు మూలక్రియ అయిన అర్రివారేలో ‘రివ’ వినపడుతోంది కాబట్టి కాలువలోనుంచి వచ్చిందని తేల్చేశాను. వారం రోజులు షాపుకొచ్చిన ప్రతివారికీ అదే చెప్పాను. ఒక లెక్చరరుగారికి ఆధార్ కార్డు జిరాక్స్ తీసి ఇస్తూ కూడా చెప్పాను. ఆ తర్వాత నిఘంటువు పేజీ తిప్పితే అది కాలువ కాదు, గట్టు అని తేలింది. లాటిన్‌లో ‘రీపా’ అంటే ఒడ్డు. ‘ఆద్’ అంటే వైపుకు. ఒడ్డుకు చేరడం అనే అర్థంలో ‘అర్రిపారే’ అని జనం నోళ్ళలో ఒక మాట పుట్టింది. ఆ మాట ముందు పుస్తకంలో చుక్కగుర్తు ఉంది. గొప్ప మాటలకు నక్షత్రం పెడతారు కాబోలనుకుని గర్వపడ్డాను. తీరా చూస్తే, ఈ మాట పాత రాతల్లో దొరకలేదు, పండితులు ఊహించి కట్టారు అని చెప్పడానికట. అయినా నా గర్వం తగ్గలేదు.

అంటే పడవ ఒడ్డుకు తగలడమే మొదట అర్రివారే. తర్వాత గుర్రం మీద వచ్చినా, బస్సులో వచ్చినా అదే మాట వాడేశారు. కొందరు ఇది ఫ్రెంచి వారి మీదుగా ఇటలీకి వచ్చిందంటారు. ఏ దారిన వచ్చినా వచ్చింది మాత్రం ఒడ్డుకే. ఇంగ్లీషువాళ్ళ ‘అరైవ్’ కూడా ఇదే. ఆ రోజునుంచి ఏలూరు స్టేషన్లో రైలు వస్తోందని ఇంగ్లీషులో మైకు చెప్పినప్పుడల్లా, ఒక ఎక్స్‌ప్రెస్ తడి ఓడుతూ ఒడ్డెక్కుతున్నట్టు కనిపిస్తోంది. అర్రివెదేర్చికి దీనితో చుట్టరికమే లేదు. అది మళ్ళీ చూసుకుందాం అనే వేరే మాట. పైకి ఒకే ఇంటిపేరులా కనపడుతుంది, అంతే.

రీపాలో ‘ప’ ఉంటే ఇటాలియన్‌లో ‘వ’ ఎలా వచ్చిందన్నది ఇంకొక రోజంతా తిన్నది. రెండు అచ్చుల మధ్య చిక్కుకున్న ‘ప’ నలిగి నలిగి ‘వ’ అవుతుందని పుస్తకం చెప్పింది. ఇటలీలో ఒడ్డును రీవా అంటారు. ఇది మనకు కొత్తేమీ కాదు. సంస్కృతంలో దీపం, మన దగ్గరికి వచ్చేసరికి దివ్వె. రీపా రీవా అయినట్టే దీపం దివ్వె అయింది. నేను ఫ్యాను కిందనుంచి లేచి నిలబడిపోయాను. పరీక్షల పిల్లలందరూ తలెత్తి చూశారు.

అసలు పెన్నిధి మాత్రం ఇంటికి వచ్చేటప్పుడు స్కూటర్ మీద దొరికింది. తెలుగులో దరి అంటే ఒడ్డు. దరి చేరడం అంటే ఒడ్డుకు చేరడం, దగ్గరికి రావడం. రోమ్ వాళ్ళను మనం చూడలేదు, మనల్ని వాళ్ళు చూడలేదు. ఇద్దరం నీళ్ళలో తడిశాం, ఇద్దరికీ ఒడ్డు కనపడింది, ఇద్దరం ఒకే మాట కట్టుకున్నాం.

ఇది మొదట విన్నది మావయ్యగారు. కళ్ళ పరీక్ష కోసం మా షాపు పక్క ఆసుపత్రికి వచ్చి, డాక్టరుగారు పిలిచేదాకా నా షాపులో కూర్చున్నారు. చుక్కల మందు వేసి ఉండటంతో ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, ఎక్కడికీ వెళ్ళలేరు. మొత్తం చెప్పేశాను. అయ్యాక కళ్ళు తెరవకుండానే అన్నారు.

“ఇది మైకులో చెప్పవలసిన మాటండీ. మా పెళ్ళిరోజు ప్రార్థన కూడికలో ఈసారి అల్లుళ్ళ తరఫున మీరు మాట్లాడండి. అయిదు నిమిషాలు.”

మావయ్యగారికీ అత్తయ్యగారికీ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారు. ముందు పాట, తర్వాత పాస్టరుగారి బైబిలు వాక్యం, తర్వాత అల్లుళ్ళ తరఫున రెండు మాటలు, ఆ వెంటనే భోజనాలు. ఆ రెండు మాటలు ప్రతి శుభకార్యంలోనూ పెద్దల్లుడిగారివే. ఈసారి నావి. ఆ ఇంట్లో మొదటిసారి నా వాక్యం పూర్తవబోతోంది. మాస్టారు ఒక్క షరతు పెట్టారు. భోజనాల వేళ దాటిపోతే దేవదూత దిగి వచ్చి అడిగినా మైకు ఇవ్వరట.

కబురు తెలిసి తోడల్లుడుగారు ఫోన్ చేశారు. ‘చాలా సంతోషమండీ. నాక్కూడా ఈమధ్య గొంతు బావుండటం లేదు’ అన్నారు. ఆ వెంటనే ఫోన్ పక్కకు తీసి ఎవరికో ఉల్లిపాయల ధర చెబుతున్న ఆయన గొంతు ఖంగున వినపడింది. ఆడవాళ్ళు ముందురోజే వెళ్ళిపోతారు కాబట్టి మనమిద్దరం కలిసి వెళ్దాం, ఏలూరులో కేకు తీసుకుందాం అన్నారు. సరేనన్నాను.

ఆ ఏడు వానలకు కొల్లేరు పొంగి లంకకు వెళ్ళే రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి. రోడ్డు మునిగిన చోటునుంచి ట్రాక్టర్లలో జనాన్ని చేరవేస్తున్నారు. కేకు మీద యాభై అంకె క్రీముతో మళ్ళీ దిద్దించడంలో ఆలస్యమై మేం వెళ్ళేసరికి ట్రాక్టరు వెళ్ళిపోయింది. మా బావమరిది ముందుచూపుతో ఒక పడవ పెట్టించాడు. పడవ ఉంది, పడవ మనిషి టీకి వెళ్ళాడు. తోడల్లుడుగారు గెడ చేతిలోకి తీసుకుని బరువు చూశారు.

“వెనిస్‌లో ఇదే పడవండీ. దగ్గరుండి చూశాను. ఒకవైపు గుచ్చి నెట్టడమే.”

ఆయనను ఆపవలసింది నేను. కానీ అప్పటికే నాకు నీళ్ళు, పడవ, ఒడ్డు కళ్ళముందు కనపడుతున్నాయి. నా క్రియ పుట్టిన రోజును నేనే చూడబోతున్నట్టుంది. కేకు ఒళ్ళో పెట్టుకుని ఎక్కేశాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. తోడల్లుళ్ళు ఒకరి మాట ఒకరు కాదనకూడదు. కాదంటే అది అక్కచెల్లెళ్ళ దాకా వెళ్తుంది, అక్కడినుంచి అత్తయ్యగారి దాకా వెళ్తుంది, ఇక ఆ ఏడు పండగలన్నీ మూతిముడుపులే. కాబట్టి మేం ఎప్పుడూ అతి మర్యాదగా ఉంటాం. కిక్కిస గడ్డి మధ్య కాలువ రెండుగా చీలిన చోట పడవ ఆగింది.

“ఎడమకా, కుడికా అన్నయ్యగారూ?” అని అడిగాను.

“మీరెలాగంటే అలాగేనండీ.”

“అబ్బే, గెడ మీ చేతిలో ఉంది. మీరే చెప్పాలి.”

“చదువుకున్నవారు మీరు. మీ మాట దాటి నేను ఎటు నెడతానండీ.”

ఎడమవైపని నాకు గట్టి నమ్మకం. కుడివైపని ఆయనకు గట్టి నమ్మకమని తర్వాత తెలిసింది. ఇద్దరం చెప్పుకోలేదు. పడవ గాలికి తనకు తోచిన వైపు, గుర్రపుడెక్క మొక్కల మధ్యనుంచి, మూడో దారిన వెళ్ళింది. ఆ ప్రయాణంలో ఆయన గెడ ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్‌లో వెనిస్ ఫోటోలు చూపించారు. చాలాసేపటికి ముందు ఎత్తుగా గట్టు కనపడింది. ఆయన గెడ పైకెత్తి అర్రివియామో అన్నారు.

దిగాం. కేకుతో గట్టెక్కాం. అవతలివైపు నీళ్ళు.

అది ఊరి గట్టు కాదు, చేపల చెరువు గట్టు. కొల్లేట్లో నాలుగువైపులా గట్టు పోసి లోపల చేపలు పెంచుతారు. బయట నీళ్ళు, లోపల నీళ్ళు, మధ్యలో మనిషి నడిచేంత మట్టి. ఇటునుంచి వెళ్తే ఎక్కడో ఒకచోట ఊరికి కలుస్తుందని నడిచాం. గట్టు నాలుగు మలుపులు తిరిగి మమ్మల్ని బయలుదేరిన చోటికే తెచ్చింది. అక్కడ పడవ లేదు. దూరంగా, మాకంటే తొందర పనున్నట్టు, కొట్టుకుపోతోంది.

“మీరు కట్టారనుకున్నానండీ” అన్నారాయన.

“నేనూ మీరు కట్టారనుకున్నానండీ.”

“పోనీలెండి” అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

నా ఫోను మా ఆవిడ సంచిలో ముందురోజే లంక చేరిపోయింది. ఆయన ఫోన్‌లో బావమరిదికి చేశాం. ఎక్కడున్నారు బావగారూ అన్నాడు. గట్టు మీద అన్నాను. ఏ గట్టు అన్నాడు. పక్కన నీళ్ళున్న గట్టు అన్నాను. “ఇక్కడన్నీ అవే కదండీ” అన్నాడు. లొకేషన్ పంపమన్నాడు. పంపాం. నడిసరస్సులో నీలిరంగు మధ్య ఒక చుక్క మెరుస్తోంది, మీరు మునిగిపోయారా అని అడిగాడు. సమాధానం చెప్పేలోపు ఫోన్ ఆరిపోయింది. వెనిస్ మొత్తం దాంట్లోనే చూసేశాం మరి.

ఇక మిగిలింది అరవడమే. పాస్టరుగారి వాక్యం మొదలయ్యే వేళ దగ్గరపడుతోంది. తోడల్లుడుగారికి గొంతు బావుండదని ఆయనే చెప్పి ఉన్నారు. ఇప్పుడు అరిస్తే ఆ మాట అబద్ధమవుతుంది. అందుకని ఆయన కేకు పట్టుకున్నారు, నేను అరిచాను. మర్యాద తప్పకూడదని ‘ఏవండీ’ అని అరిచాను. అవతలి గట్లమీదనుంచి ‘హోయ్’ అని జవాబు వచ్చింది. మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఇంకా గట్టిగా ‘ఏవండీ, ఇటు రండీ’ అని అరిచాను. నాలుగు దిక్కులనుంచీ ‘హోయ్, హోయ్’ అని ఉత్సాహంగా వినపడింది. ఎవరూ రాలేదు.

అరుపుకూ అరుపుకూ మధ్య ఊపిరి తీసుకుంటుంటే తోడల్లుడుగారు ఖాళీ మేత సంచి మీద కూర్చుని అడిగారు.

“అసలు ఏం మాట్లాడదామనుకున్నారండీ?”

చెప్పాను. గాలి జోరుకు మైకులో చెప్పినంత గట్టిగానే చెప్పవలసి వచ్చింది. రీపా చెప్పాను, చుక్కగుర్తు చెప్పాను, దీపం దివ్వె చెప్పాను, దరి చెప్పాను. ఆయన మధ్యలో మార్కెట్ కబురు ఎత్తలేదు. పెళ్ళిళ్ళయ్యాక ఆయన నా మాట అంతసేపు వినడం అదే మొదలు. లేచి వెళ్ళిపోదామన్నా గట్టు మళ్ళీ నా దగ్గరికే తెస్తుంది. అంతా విని, “అయితే మనమిప్పుడు చేరినట్టా, చేరనట్టా?” అన్నారు.

ఒడ్డు తగిలింది కాబట్టి లాటిన్ లెక్కన చేరినట్టే, మావయ్యగారి లెక్కన చేరనట్టు అన్నాను. ఆయన నవ్వారు. నేను మళ్ళీ లేచి అరిచాను. ఈసారి ‘ఏవండీ’లో ‘డీ’ రాలేదు. తర్వాత ‘వం’ పోయింది. చివరికి నోరు తెరిస్తే గాలి మాత్రం వచ్చింది.

అరుపు ఆగిన కాసేపటికే గడ్డి చీల్చుకుంటూ ఒక పడవ దూసుకొచ్చింది. దాంట్లో చెరువు కాపలా మనిషి, చేతిలో రేకు డబ్బా. మమ్మల్ని చూసి గతుక్కుమన్నాడు.

“ఎవరండీ మీరు? గట్టు మీద ఏం పనండీ?”

“దారి తప్పామండీ. ఇందాకటినుంచి అరుస్తూనే ఉన్నాం, ఎవరూ రాలేదు” అన్నారు తోడల్లుడుగారు.

“అరిస్తే ఎవరొస్తారండీ? గూడబాతుల్ని తోలుకుంటున్నారనుకుంటాం. మా మేనల్లుడు నాకు బదులు వచ్చి తోలుతున్నాడు కాబోలని నేను పక్కగట్టు మీద నిమ్మళంగా టీ తాగుతున్నానండీ. అరుపు ఆగిపోయేసరికి గుండె ఆగినంత పనైంది. పిట్టలు దిగితే చేపలు మిగలవు కదండీ.”

కొల్లేట్లో చెరువుల కాపలావాళ్ళంతా పగలల్లా పక్షుల్ని అదిలిస్తూ అరుస్తూనే ఉంటారు. ఒక గట్టుమీద అరుపు వినపడితే పక్కగట్టువాడు బదులు పలుకుతాడు. అరుపు ఉన్నంతసేపూ అంతా క్షేమమని లెక్క. ఇన్నాళ్ళు అత్తవారింటికి వస్తూ పోతూ నేను ఆ అరుపులు వింటూనే ఉన్నాను. చుక్కగుర్తుకు అర్థం వెతికినవాడిని వాటికి వెతకలేదు. నేను నోరు మూసుకోవడమే ఆ పూట మా ప్రాణం కాపాడింది.

ఊళ్ళో దింపుతానన్నాడుగానీ మేతవేళ అయింది, ముందు చేపలకు పెట్టాలన్నాడు. చెరువులో పాతిన గెడలకు చిల్లుల సంచులు వేలాడుతున్నాయి. ఒక్కొక్కదాంట్లో తవుడు నింపుతూ పోయాడు. చేపలు సంచుల కింద గుంపులుగా చేరి చిల్లుల్ని పొడుస్తున్నాయి. అక్కడ ఎవరి భోజనమూ ఆలస్యం కాలేదు. మా తొందర చూసి, ‘అయిపోవచ్చిందండీ’ అని ప్రతి గెడ దగ్గరా చెప్పాడు.

మేం షామియానాలో అడుగుపెట్టేసరికి పాస్టరుగారి ప్రార్థన ముగిసింది. మావయ్యగారు గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నారు. వెనక గుండిగల మూతలు తీసిన వాసన వస్తోంది. కొర్రమీను పులుసు. జనం అప్పటికే సగం లేచి చొక్కా చేతులు మడుచుకుంటున్నారు. మావయ్యగారు నన్ను చూసి మైకు చేతికిచ్చారు. అందరూ కూర్చున్నారు. నేను మైకు దగ్గరికి వంగి నోరు తెరిచాను. స్పీకర్లలో గాలి వీచింది. మళ్ళీ ప్రయత్నించాను. కిర్రుమన్న చప్పుడొకటి వచ్చింది. అత్తయ్యగారు నీళ్ళు పంపించారు. తాగాను. ఈసారి కిర్రు కూడా రాలేదు.

మావయ్యగారు ఇంకోసారి గడియారం చూసి, జాలిగానే, మైకు కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. ఆయన లాగలేదు. ఇద్దరం దాన్ని పట్టుకుని అలా నిలబడ్డాం.

అప్పుడు తోడల్లుడుగారు కేకు పెట్టెను పక్కనున్న ఒక పెద్దాయన ఒళ్ళో పెట్టి పైకొచ్చారు.

“మావయ్యగారూ, ఈ అయిదు నిమిషాలు తమ్ముడుగారివేనండీ. గొంతు ఒక్కటే నాది. మాట ఆయనది. దారంతా విన్నాను, అప్పజెబుతాను” అన్నారు.

మొదలుపెట్టారు. ఆ గొంతు ఆ ఉదయమంతా మేత సంచి మీద విశ్రాంతి తీసుకుందేమో, షామియానా గుడ్డ అదిరింది. రోమ్ అనవలసిన చోటల్లా వెనిస్ అన్నారు, ఎందుకంటే అది ఆయన చూసిన ఊరు. రోమనులు పడవలో వస్తూ గట్టు చూశారన్నారు. అది ఏ గట్టని వెనకనుంచి ఎవరో అడిగితే చేపల చెరువు గట్టేనన్నారు. నేను చొక్కా పట్టుకు లాగాను. రెండు చేతులూ ఊపాను. నేను చేతులూపిన కొద్దీ జనం నవ్వారు, నవ్విన కొద్దీ ఆయన ఊపందుకున్నారు. కానీ రీపా ఒడ్డన్నది సరిగ్గా చెప్పారు. దరి దగ్గరికి వచ్చేసరికి ఆగి, నా వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పారు. మునిగిన రోడ్డు దాటి ట్రాక్టర్లలో వచ్చిన జనం వాళ్ళు. దరి అంటే వాళ్ళకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ముందు వరుసలో ముసలివాళ్ళు తలలూపారు. లేవబోయినవాళ్ళు కూర్చున్నారు.

మాస్టారు మాస్టారే. వేలెత్తి ప్రశ్న వేశారు. “రీపాలో ప ఉంది కదండీ, వ ఎలా వచ్చింది?” షాపులో ఆయనకు ఇది చెప్పాను. తెలిసే అడిగారు. తోడల్లుడుగారు నా వైపు చెవి వంచారు. మిగిలిన గాలితో ఆ చెవిలో దీపం, దివ్వె అని ఊదాను. ఆయన మైకులో ‘దీపం! దివ్వె!’ అని మాత్రం అని, ఇక వివరించనవసరం లేదన్నట్టు అందరినీ చూశారు. ఉల్లిపాయల మార్కెట్లో చలామణీ అవుతున్న ఆ దీపం అర్థం అక్కడే వెలిగింది.

వడ్డనవాళ్ళు గరిటెలతో వచ్చి నిలబడ్డారు. ఆగమని చెయ్యెత్తింది అత్తయ్యగారు. మావయ్యగారు గడియారాన్ని చొక్కాచేతి కింద దాచి, పెద్దల్లుడిగారిని కాదు, నన్ను అడిగారు.

“ఇంకేమైనా ఉందాండీ?”

ఉంది. మొదట తప్పుదారి పట్టించిన రీవుస్ అనే కాలువ మాట ఉంది కదా, దాంట్లోనుంచి కూడా ఇటాలియన్‌లో ఒక మాట వచ్చింది, ‘రీవాలే’. ఒకే కాలువ నీళ్ళు పెట్టుకునే ఇద్దరు రైతులన్న మాట. కాలక్రమాన దానికి ప్రత్యర్థి అనే అర్థం స్థిరపడింది. ఎందుకు స్థిరపడిందో గోదావరి జిల్లాలవాళ్ళకు వేరే చెప్పాలా? ఇది నేను గట్టు మీద ఆయనకు చెప్పలేదు, చెప్పే ధైర్యం లేక దాచుకున్నాను. ఇప్పుడు చెవిలో చెప్పాను. ఆయన మైకు పక్కకు తీసి పడీపడీ నవ్వారు. కళ్ళు తుడుచుకుని మైకులో చెప్పారు, ఈసారి ఒక్క అక్షరం తప్పు పోకుండా. చెప్పి నా భుజం మీద చెయ్యి వేసి, “ఈ ఇంటి కాలవ కింద ఆ రైతులం మేమేనండీ” అన్నారు. మా ఆవిడా వదినగారూ ఒకరినొకరు గిల్లుకున్నారు. మావయ్యగారు మైకు తీసుకుని, అల్లుళ్ళ మాటలు పూర్తయ్యాయి, ఇక భోజనాలు అన్నారు. పూర్తయ్యాయి అన్న మాట నాకు స్పష్టంగా వినపడింది.

ఈ పరిశోధనకు సాయపడినవారందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పుకోవాలి. పేర్లు రాస్తే రాయనివాళ్ళు ఫోన్ చేస్తారని మా ఆవిడ అభ్యంతరం చెప్పింది కాబట్టి వరసలతోనే సరిపెడుతున్నాను. స్టూలు వేయించిన లైబ్రేరియన్‌గారికి, లోపల చదువుకోమన్న అమ్మాయికి, కాలువని నమ్మి వెళ్ళిపోయిన లెక్చరరుగారికి (అది గట్టు అని ఈ ముఖంగా తెలియజేస్తున్నాను), కళ్ళు మూసుకుని విన్న మావయ్యగారికి, గరిటెలు ఆపిన అత్తయ్యగారికి, నీలిచుక్కను చూసి కంగారుపడిన బావమరిదికి, పడవ కొట్టుకుపోయినా ఒక్క మాట అనని పడవ మనిషికి, ‘హోయ్’ అని బదులు పలికిన గట్ల మీదివారందరికీ, టీ సగంలో వదిలి వచ్చిన కాపలా ఆయనకు, కేకును కడదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ పెద్దాయనకు, మూడు రోజులు మిరియాల పాలు కాచి ఇచ్చి, ఆ మూడు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉందన్న మా ఆవిడకు. అందరికంటే ఎక్కువగా, తన గొంతు అరువిచ్చిన మా అన్నయ్యగారికి. ఆయన చెప్పింది మూడు చోట్ల తప్పు. కానీ ఆ పూట అది చెప్పగల మనిషి ఆయన ఒక్కరే.